ఆడ, మగ, ట్రాన్స్ ముచ్చట ఇంట్లో ఎట్లా తీయాలి

మూడేళ్ళ కింద మిర్యాలగూడ దగ్గర మా బంధువుల పెళ్ళిలో బంతి భోజనాలు నడుస్తుంటే ముగ్గురు హిజ్రాలు వచ్చారు. చప్పట్లు, దీవెనలు, ఐదు వందలా వెయ్యా అని బేరం, ఇదంతా మన ఫంక్షన్ హాళ్ళలో మామూలే. మా అన్న బిడ్డకు అప్పుడు ఏడేళ్ళు. నా పక్కన కూర్చుని లడ్డూ కొరుకుతూ, వరుసంతా వినపడేలా అడిగింది, "అత్తా, వీళ్ళు అక్కలా, అన్నలా?" అందరి తలలూ విస్తర్ల మీదికి వంగాయి. నేను "ఊకో, తిను" అన్నాను. ఆ ముగ్గురిలో ఒకామె ఈ మాట విన్నది, పిల్ల వైపు చూసి నవ్వబోయింది, ఇంతలో నేను పిల్ల తల పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

ఆ తల తిప్పిన చెయ్యి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అప్పటికి ఏడాది ముందే మా చిన్నమ్మ పిల్ల, మేమందరం తమ్ముడు అంటూ ఎత్తుకుని పెంచిన పిల్ల, "అక్కా, నేను తమ్మున్ని కాదు, చెల్లెను" అని నాకు ఒక్కదానికే చెప్పుకుంది. అప్పుడూ నా నోట్లోంచి వచ్చింది ఇదే మాట, "ఊకో".

నేను నల్లగొండలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్తాను. పుట్టిల్లు దేవరకొండ వైపు పల్లె, అత్తగారిల్లు జడ్చర్ల వైపు. ఆ పెళ్ళి తర్వాత ఈ ముచ్చట ఇంట్లో తీశాను, స్టాఫ్ రూమ్‌లో తీశాను, బస్సులో తీశాను. కొన్నిసార్లు కుదిరింది, కొన్నిసార్లు మనుషులు నెలల తరబడి నాతో మాట్లాడలేదు. మీ ఇంట్లోనూ ఇట్లాంటి "ఊకో" ఒకటి ఉంటే, దాన్ని దాటి మాట్లాడుకోవడానికి నాకు పనికొచ్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మిగతాదంతా మర్చిపోయినా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎవరిది తప్పో తేల్చడానికి కూర్చుంటే మాట అక్కడే ఆగిపోతుంది, ఎవరు ఎట్లా పెరిగారో అడిగితే సాగుతుంది.

మొదట మీ పెంపకం రాసుకోండి

ఇది దాటేసి నేరుగా ఎదుటివాళ్ళ దగ్గరికి పోకండి. ఒక కాగితం తీసుకుని "ఆడపిల్లవు కదా" అనో "మొగపిలగానివి కదా" అనో మీకు చిన్నప్పుడు చెప్పిన మాటలు, చేయించిన పనులు ఒక పది రాయండి. పెద్ద విషయాలు వద్దు, చిన్నవే రాయండి, అసలు సంగతి వాటిలోనే ఉంటుంది. నా కాగితం మీద ఇవి ఉన్నాయి: కోడి కోస్తే తొడముక్క అన్నకు, మెడ ముక్కలు అమ్మకూ నాకూ. సైకిల్ అన్నకు కొన్నారు, నేను వెనక క్యారియర్ మీద కూర్చున్నాను. గట్టిగా నవ్వితే నాయనమ్మ "మొగరాయుని లెక్క ఏందే ఆ నవ్వు" అనేది. బయట కూర్చున్న మూడు రోజులు నా పళ్ళెం, నా చెంబు వేరే.

ఇదే పని మా అన్నతో చేయించాను. అన్న రాసినవి చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. చెయ్యి విరిగినప్పుడు ఏడిస్తే "మొగోడివి కాదా" అన్నారట. పదో తరగతి ఎండాకాలంలో కరెంటు రాత్రి రెండింటికి ఇస్తే మోటారు వేయడానికి ఒక్కణ్నే బావి కాడికి పంపేవారట, పాములంటే భయమని చెప్పుకునే దారి లేదు, చెప్తే నవ్వుతారు. ఇన్నేళ్ళూ అన్నది సుఖమైన బాల్యం అనుకున్నాను, ఆ చీకటి గట్టు నాకు తెలియదు.

పుస్తకాల్లో దీన్ని సామాజికీకరణ అంటారు. ఇల్లు, వాడ, బడి, చుట్టాలు అందరూ కలిసి ఆడ అంటే ఇట్లుండాలె, మగ అంటే ఇట్లుండాలె అని మన ఒంటికి పట్టించేది. మీ ఒంటికి ఏం పట్టిందో మీకు తెలిస్తే ఎదుటివాళ్ళను అడిగే గొంతు మారుతుంది, జడ్జి గొంతు పోతుంది.

ఒక జాగ్రత్త. మీ కాగితం అందరి కాగితం కాదు. మా ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళు గడప దాటితే తప్పు, మా అమ్మ తెల్లారకముందే నాట్లకు పోకపోతే ఇల్లు గడవదు, రెండూ ఆడ బతుకులే. దేవరకొండ వైపు ఆడపిల్ల పుడితే పేదరికంలో అమ్ముకున్న రోజులు నా వయసు వాళ్ళకు గుర్తే. నారాయణపేట, మక్తల్ వైపు దళితుల పిల్లలను దేవుని పేరు మీద జోగినులను చేసేవారు, దాన్ని ఆపాలని 1988లో చట్టమే చేయాల్సి వచ్చింది. అందుకే "మనం ఆడవాళ్ళం అందరం ఒక్కటే కదా" అని మొదలుపెట్టకండి, ఎదుటామెకు ఆ మాటే ముల్లు కావచ్చు.

చేతికి పని ఉన్నప్పుడు మాట తీయండి

పండగ పూట, పదిమంది చుట్టాల మధ్య, మందు తాగి కూర్చున్నప్పుడు, టీవీలో ఏదో వార్త చూసి మండిపడుతున్నప్పుడు ఈ ముచ్చట వద్దు. పరువు అనేది చూసేవాళ్ళు ఉంటేనే పుడుతుంది, చూసేవాళ్ళు లేని చోటు వెతకండి. ఇద్దరే ఉండాలి, ఇద్దరి చేతుల్లో పని ఉండాలి, కళ్ళలోకి కళ్ళు పెట్టి చూడాల్సిన అవసరం ఉండకూడదు. బండి మీద వెనక కూర్చుని పోతుంటే బాగా కుదురుతుంది, బత్తాయి తోటలో కాయ ఏరుతుంటే కుదురుతుంది, బట్టలు మడతపెడుతుంటే కుదురుతుంది.

మా అమ్మతో నాకు పల్లికాయ దగ్గర కుదిరింది. వినాయక చవితి పోయింది, యాసంగి విత్తనానికి కాయ వలుస్తున్నాం. విత్తనం కాబట్టి పప్పు మీది ఎర్ర పొర పోకుండా బొటనవేలితో నొక్కి మెల్లగా విప్పాలి, తొందరపడితే బద్ద చీలిపోతుంది, చీలినవి పక్క గిన్నెలో పడేస్తున్నాం. అంతకు ముందే మా చెల్లెకు ఫోన్ చేసి "అమ్మకు చెప్పనా" అని అడిగాను, "పెద్దమ్మకు చెప్పు, మా అమ్మకు నేనే చెప్పుకుంట" అన్నది. (ఇది మర్చిపోకండి, వేరేవాళ్ళ సంగతి వాళ్ళ అనుమతి లేకుండా మీ నోటి నుంచి రావొద్దు.)

చెల్లె పేరు ఎత్తకుండా అమ్మను ఆమె గురించే అడిగాను. "అమ్మా, మొగపిలగానిగా పుడితే మంచిగుండు అని నీకెప్పుడన్నా అనిపించిందా?"

అమ్మ నాలుగైదు కాయలు ఒలిచేదాకా ఏం అనలేదు. తర్వాత అన్నది, "ఎందుకు అనిపియ్యదు, రోజూ అనిపించేది. ఒకసారి తమ్ముని అంగీ ఏసుకొని చెరువుల ఈతకు పోయిన. మా నాయిన చింత బరిగెతోని ఇంటిదాంక కొట్టుకుంట తెచ్చిండు."

నలభై ఏళ్ళలో నాకు ఈ సంగతి తెలియదు. "మరి ఆ అంగీ ఏసుకున్నప్పుడు నువ్వు మొగోడివే అనిపించిందా?" అని అడిగాను.

"లే. నేను నేనే. ఈత కొట్టాలె అనిపించింది, గంతే."

అప్పుడు చెప్పాను. "చిన్నమ్మ పిల్లకు అట్ల కాదంటమ్మా. వేరే బట్టలు కట్టుకోవాలనో, వేరే పనులు చెయ్యాలనో కాదంట. అందరు కొడుకా అని పిలుస్తుంటే, పిలిచేది నన్ను కాదు, నా పక్కన ఇంకెవరో ఉన్నరు అనిపించేదంట. ఊహ తెలిసినప్పటి నుంచి లోపల ఆడపిల్లనే అంటది."

అమ్మ చేతిలో కాయ చిట్లింది, బద్దలు గిన్నెలో వేసింది. చాలాసేపటికి అడిగిన మొదటి ప్రశ్న, "మీ చిన్నమ్మకు ఎరుకేనా?" ఆడా మగా అని అడగలేదు, తప్పా ఒప్పా అనలేదు, తన చెల్లెలి గుండె గురించి అడిగింది. ఆ రోజుకు అంతే, నేనూ సాగదీయలేదు. మీరూ సాగదీయకండి, ఎదుటివాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి, ఇంకా చాలా పల్లికాయ ఉంటుంది.

మాటలు విడదీసుకోండి

మన గొడవల్లో చాలా భాగం నాలుగు వేరే వేరే సంగతులను ఒకే మూటలో కట్టడం వల్ల వచ్చేవి. పుట్టినప్పుడు ఒళ్ళు చూసి మంత్రసానో డాక్టరో చెప్పింది ఒకటి. మనిషి లోపల తనను తాను ఏమని ఎరుగుతుందో అది రెండోది, దాన్నే జెండర్ గుర్తింపు అంటున్నారు. ఇల్లూ ఊరూ నేర్పిన నడవడి మూడోది. ఎవరి మీద మనసు పోతుందో అది నాలుగోది. మా అమ్మ అంగీ కథ మూడో దానికి చెందింది, మా చెల్లె మాట రెండో దానికి చెందింది, వంట చేయడం ఇష్టమున్న అబ్బాయిని చూసి "ఆడంగోడు" అనేవాళ్ళు మూడో దాన్ని రెండో దానితో కలిపేస్తున్నారు. నాలుగో దాని మీద ఉన్న నేరం ముద్రను 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ తీర్పులో తీసేసింది. రెండో దాని మీద అంతకు ముందే 2014 ఏప్రిల్ 15న ఇదే కోర్టు, తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అని తీర్పు ఇచ్చింది.

ఇంకొన్ని సంగతులు. హిజ్రా అంటే గురువులు, చేలాలు ఉండే ఒక సమాజం, దానికి సొంత కట్టుబాట్లు ఉన్నాయి. అబ్బాయిగా పెంచితే తాను అమ్మాయినని ఎరిగినవాళ్ళు ట్రాన్స్ మహిళలు, వాళ్ళందరూ హిజ్రాలు కారు. అమ్మాయిగా పెంచితే తాను అబ్బాయినని ఎరిగినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు మనకు కనపడరు, ఎందుకంటే ఆడపిల్లలకు ఇల్లు విడిచిపోయే వీలు తక్కువ. పుట్టుకతోనే ఒంటి తీరు ఆడా మగా అని తేల్చలేని విధంగా ఉండేవాళ్ళది మళ్ళీ వేరే సంగతి, వాళ్ళను ఇంటర్‌సెక్స్ అంటారు. కొజ్జా, పేడి, మాడా లాంటి మాటలు మీ నోట్లో ఉంటే ఈ రోజే తీసేయండి, నవ్వులాటకు కూడా వద్దు, ఆ మాట విన్న పిల్ల మీ ఇంట్లోనే ఉండొచ్చు.

పిలుపు సంగతికి వస్తే మన తెలుగు మనకు పెద్ద ఆసరా. "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" అనే మాటల్లో ఆడా మగా తేడా లేదు, హిందీలో అయితే అక్కడే తేలిపోవాలి. మనిషి ముందు ఉండగా మనకు ఇబ్బందే లేదు. లేని మనిషి గురించి చెప్పేటప్పుడే వచ్చాడా, వచ్చిందా అన్నది ముందుకొస్తుంది, తెలియనప్పుడు "వచ్చారు" అనండి, మన యాసలో "వచ్చిండ్రు", మర్యాద కూడా దక్కుతుంది. ముడి పడేదల్లా వరస దగ్గర. మనం బస్టాండులో పరాయి మనిషిని కూడా అన్నా, అక్కా అనకుండా పిలవం కదా. అందుకని అడగడమే మంచిది, "నిన్ను ఏమని పిలవాలె?" అని, పేరు అడిగినంత మామూలుగా. మా నాయిన మొదటి ఏడాదంతా "బిడ్డా" అనే మాటతో గట్టెక్కాడు, మా వైపు ప్రేమగా పిలిస్తే కొడుకునూ బిడ్డా అంటారు, కూతుర్నీ అంటారు. ఆ మాట పట్టుకునే ఆయన మెల్లగా ఇవతలికి వచ్చాడు.

"ఇవన్నీ ఇప్పటి ఫ్యాషన్లు" అన్నప్పుడు

ఈ మాట తప్పకుండా వస్తుంది. మా పెద్దనాయిన అన్నాడు, "మా కాలంల ఇట్లాంటివి లేకుండె, ఫోన్లు చూసి చెడిపోతున్నరు" అని. ఎదురు వాదిస్తే ఆయన లేచి వెళ్ళిపోతాడని నాకు తెలుసు. అందుకే ఆయనకు తెలిసిన దగ్గర మొదలుపెట్టాను. వానలు పడకపోతే గుళ్ళో విరాటపర్వం చదివించడం ఆయనకు బాగా తెలుసు, అందులో బృహన్నల ఎవరో, విరటుని కొలువులో ఎట్లా బతికిందో నాకంటే ఆయనే బాగా చెప్తాడు. చెప్పమన్నాను, అరగంట చెప్పాడు. అది శాపం వల్ల వచ్చిన వేషం, మా చెల్లె సంగతి వేషం కాదు, రెండూ ఒక్కటి కావని నేనే చెప్పాను. అయినా "మనవాళ్ళకు ఇది తెలియనిది కాదు" అనే మాట ఆయన నోటి నుంచే వచ్చింది. పురాణం తలుపు తీయడానికి పనికొస్తుంది, ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి వాడితే వాళ్ళు ఇంకో పురాణం తెస్తారు.

కాగితం మీద రుజువు కావాలనే పెద్దమనుషులకు నేను చెప్పేది ఇంకొకటి ఉంది. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఎక్కించాలి, ఆడ బట్టలు కట్టుకుని నగలు పెట్టుకుని వీధిలో కనపడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ఫోన్లు చూసి చెడిపోయినవాళ్ళ మీద వందేళ్ళ కింద చట్టం ఎందుకు చేస్తారు? ఆ చట్టం 2023 జూలై దాకా పుస్తకాల్లో ఉన్నది, అప్పుడు తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

"ఎర్రగడ్డకు తీస్కపోయి చూపియ్యిండ్రి, తగ్గుతది" అనేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళలో చాలామందిది ప్రేమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల కొత్త జాబితాలో ట్రాన్స్ కావడాన్ని మానసిక రోగాల నుంచి తీసేసిందనీ, 2022 నుంచి అది అమల్లో ఉందనీ మెల్లగా చెప్పండి. మనసు కుంగిపోతే డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే, పోయేది కుంగుబాటు కోసం.

లోపలి భయం మాత్రం వేరే ఉంటుంది, అది బయటికి వచ్చేదాకా ఆగండి. మా చిన్నమ్మకు తెలిసినప్పుడు వారం రోజులు ఏడ్చి, చివరికి అడిగింది ఇది, "దీని బతుకు సిగ్నల్ కాడ చప్పట్లు కొట్టుడేనా అక్కా?" మా అమ్మ నన్ను చూసింది. నేను ఉస్మానియా ఆసుపత్రి గురించి చెప్పాను, 2022లో రూత్ జాన్ పాల్, ప్రాచీ రాథోడ్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు అక్కడ సర్కారు డాక్టర్లుగా చేరారు. 2024 డిసెంబర్లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా డ్యూటీలోకి వచ్చారు, అదే సిగ్నల్ దగ్గర, యూనిఫాంలో. చిన్నమ్మ ఆ ఫోటో ఫోన్‌లో పెద్దది చేసి చాలాసేపు చూసింది. ఆమెకు కావలసింది సిద్ధాంతం కాదు, పిల్లకు తిండి దొరుకుతుందన్న ధీమా.

భయపడేవాళ్ళ మాట కూడా పూర్తిగా వినండి

స్టాఫ్ రూమ్‌లో ఒక మేడంతో జరిగింది చెప్తాను, ఇక్కడ నేను చాలా నేర్చుకున్నాను. చెల్లె గురించి తెలిసి ఆమె అన్నది, "నేను లేడీస్ హాస్టల్లో చదివిన. బాత్రూం కిటికీలకెల్లి తొంగి చూసినోళ్ళు ఉన్నరు. నాకు భయం ఉంటే తప్పా?" మొదట నాకు కోపం వచ్చింది, మా చెల్లెను ఆ తొంగి చూసినవాడితో కలిపిందని. ఆ కోపంలో మాట్లాడకుండా, "ఎప్పుడు జరిగింది, ఎవరికన్నా చెప్పినవా?" అని అడిగాను. ఇరవై ఏళ్ళయింది, ఎవరికీ చెప్పలేదు, చెప్తే చదువు మాన్పిస్తారని. గంటసేపు అదే మాట్లాడుకున్నాం, ఆ రోజు చెల్లె ముచ్చటే రాలేదు, రానక్కర్లేదు కూడా.

ఇంకో రోజు ఆమే అడిగింది, "ఇరవై ఏండ్లు మొగపిలగానిగా పెరిగినామెకు మన బాధ ఎట్ల తెలుస్తది?" ఇది తోసిపుచ్చే ప్రశ్న కాదు. దీన్ని నేను చెల్లెనే అడిగాను, ఆమె నొచ్చుకోలేదు, ఆలోచించి చెప్పింది: "నిజమే అక్కా. రాత్రిపూట తిరిగినా నన్నెవరు అడగలే. సైకిల్ నాకే, పొలంల వాటా నాకే అన్నరు. అది నాకు దొరికింది, కాదనను. కానీ ఆరో తరగతిల అమ్మ గాజులు ఏసుకుంటే అరచేతిల వాత పెట్టిండ్రు, ఆ పెంపకం నా మీద కూడా పడ్డది. మీకు నెలసరి ఎట్లుంటదో నాకు తెల్వదు, మీకు ఈ మచ్చ ఎట్లుంటదో తెల్వదు." నేను ఆ మచ్చ ఎన్నోసార్లు చూశాను, సంక్రాంతి అరిసెల నూనె చిందిందని మాకు చెప్పారు.

ఈ జవాబును మేడంకు అట్లనే చెప్పాను, చెల్లెను అడిగే చెప్పాను. మేడం పూర్తిగా మారిపోయిందని చెప్పను, ఇప్పటికీ కొన్ని విషయాల్లో ఆమెది వేరే అభిప్రాయం. అయితే ఇద్దరం ఒక దగ్గర కలిశాం, ఎవరు వాడినా బాత్రూం తలుపుకు గడియ సరిగ్గా పడాలి, కిటికీకి అద్దం ఉండాలి. మా కాలేజీలో రెండూ సరిగ్గా లేవని అడిగి చేయించాం. మీరూ ఇట్లాంటిది ఒకటి వెతకండి, అభిప్రాయాలు కలవకపోయినా కలిసి చేయగల పని.

ఏం అడగొద్దు

ఆపరేషన్ అయిందా, ఒంట్లో ఏముంది, పాత పేరు ఏంటి, పాత ఫోటో చూపియ్, నిన్ను ఎవరు పెళ్ళి చేసుకుంటరు. వేరే ఏ మనిషినైనా మొదటి పరిచయంలో ఇవి అడుగుతామా అని ఒక్కసారి అనుకుంటే చాలు. "చిన్నప్పుడు నీకు తోడుగా ఎవరున్నరు?" అని అడగండి, నాకు తెలిసి దానంత మంచి ప్రశ్న లేదు.

మగవాళ్ళతో, ముఖ్యంగా బస్సులో

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకూ, ట్రాన్స్‌జెండర్లకూ జీరో టికెట్ ఇస్తున్నారు. దాంతో దేవరకొండ బస్సులో ప్రతి రెండోసారి ఇదే గొడవ, "ఆడోళ్ళంత సీట్లల్ల, పైసలిచ్చినోళ్ళం నిలవడాలె." నేను ముందు తగువు పెట్టుకునేదాన్ని. ఒకరోజు ఒక పెద్దాయన ఇట్లానే అంటుంటే, "కాకా, ఎక్కడికి పోతున్నరు?" అని అడిగాను. భార్యకు కళ్ళు చూపించడానికట, ఆమె నా ముందు సీట్లోనే ఉంది. "ఇంతకుముందు ఎన్నిసార్లు చూపించుకున్నది?" అంటే ఆయన ఆలోచించాడు, "ఇదే మొదలు" అన్నాడు. తర్వాత ఆయనే చెప్పాడు, కాళ్ళ నొప్పులతో ఇంత దూరం నిలబడలేననీ, ఆ మాట ఇంట్లో కూడా అనననీ. నేను లేచి సీటు ఇచ్చాను. మగవాళ్ళు కోపంగా మాట్లాడేటప్పుడు కింద నొప్పి ఉందేమో అడగండి, వాళ్ళకు నొప్పి చెప్పుకునే మాటలు నేర్పలేదు మనం.

నోరు జారితే

జారుతుంది. "వాడు" అని నోటికొచ్చేస్తుంది. "సారీ, చెల్లె" అని దిద్దుకుని మాట కొనసాగించండి. పది నిమిషాలు క్షమాపణ చెప్పుకుంటూ కూర్చుంటే ఓదార్చే పని ఆ పిల్ల మీద పడుతుంది.

ఎక్కడ ఆపాలి

కొట్టడం, ఇంట్లోంచి గెంటేయడం, బలవంతంగా పెళ్ళి చేయడం లాంటి మాటలు వినపడితే ఇక అక్కడ చర్చ లేదు, ముందు ఆ మనిషిని కాపాడుకోవాలి. పద్దెనిమిది నిండని పిల్లలైతే 1098కి ఫోన్ చేయండి. చచ్చిపోతా అన్న మాట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు, 14416 టెలిమానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఉచితంగా వకీలు సాయం కావాలంటే 15100, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి నేరుగా కూడా పోవచ్చు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం 2019లో వచ్చింది, 2020 జనవరి 10 నుంచి అమలైంది, గుర్తింపు కార్డుకు దరఖాస్తు కలెక్టర్ దగ్గరికి పోతుంది. మా చెల్లె కార్డు తీసుకున్న రోజు ఇంటికి ఫోటో పంపింది, నాయిన దాన్ని ప్రింటు తీయించి బీరువాలో పట్టా పాసుపుస్తకాల పక్కన పెట్టాడు.

ఒక పిల్ల మిమ్మల్ని నమ్మి చెప్పుకుంటే అది మీ దగ్గరే ఉండాలి. మంచి ఉద్దేశంతో కూడా ఇంకొకరికి చెప్పకండి, వాట్సాప్‌లో అసలే వద్దు. మీరు చేయగలిగింది, నేను అప్పుడు చేయనిది, పక్కన కూర్చుని "చెప్పు" అనడం.

ఒకరోజులో అయిపోవాలని చూడకండి

మా ఇంట్లో ఇది మూడేళ్ళుగా నడుస్తోంది, అయిపోలేదు. మా అమ్మ ప్రేమగా ఉన్నప్పుడు "బిడ్డ" అంటుంది, కోపం వస్తే ఇప్పటికీ "వాడు" అంటుంది, అన్నాక నాలుక కరుచుకుంటుంది. మా అన్న బిడ్డకు ఇప్పుడు పదేళ్ళు, తన పాత ప్రశ్నకు జవాబు నేను బాకీ పడ్డానని గుర్తుపెట్టుకుని ఒకరోజు నేనే చెప్పాను, "వాళ్ళు అక్కలు, ఆ రోజు నేను నీకు చెప్పాల్సింది" అని. "నాకు తెలుసు అత్తా, చిన్నత్త చెప్పింది" అన్నది. చిన్నత్త అంటే మా చెల్లె. ఆ వరస మేమెవరం నేర్పలేదు.

పోయిన నెల మా చిన్నాయన కొడుకు పెళ్ళికి కార్డులు అచ్చు వేయించే పని మా అమ్మ మీద పడింది. ఆహ్వానించువారు అని కింద అందరి పేర్లూ వరసగా రావాలి, అన్నలు వదినెలు ఒక వైపు, అక్కలు బావలు ఒక వైపు. అమ్మ కార్డు నమూనా ముందు పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, నా ఫోన్ అడిగి తీసుకుని స్పీకర్ పెట్టింది.

"బిడ్డా, నీ పేరు అక్కల వైపు ఏయిస్తున్న. పేరు ముందర ఏం రాయిమంటవ్, చిరంజీవి అని రాయాలెనా, కుమారి అని రాయాలెనా?"

అవతల కాసేపు ఏం వినపడలేదు. తర్వాత చెల్లె గొంతు వచ్చింది, "పెద్దమ్మా, మిగిలిన అక్కలకు ఏం రాస్తున్నవ్?"

"వాళ్ళకు శ్రీమతి అని రాస్తున్న. నీకు పెండ్లి కాలేదు కదా."

"అయితే కుమారి అనే రాయి."

అమ్మ పెన్ను తీసుకుని నమూనా మీద రాసింది, రాసింది సరిగ్గా ఉందా అని నాకు చూపించింది.